బుర్జ్ ఖలీఫా కొండ కాదు సరే, మరి మట్టిదిబ్బ సంగతేంటి?

యూఏఈలో అన్నిటికంటే ఎత్తైన చోటు ఏది అని క్విజ్‌లో అడిగితే సగం మంది ఆలోచించకుండా బుర్జ్ ఖలీఫా అనేస్తారు. తప్పు. ఆ టవర్ ఎత్తు 828 మీటర్లు, అదే దేశంలో రస్ అల్ ఖైమా వైపు జబల్ జైస్ కొండల్లోకి వెళ్తే నేల దానికి రెట్టింపు ఎత్తు దాటిపోయి 1,900 మీటర్ల దగ్గరికి వెళ్తుంది. కాబట్టి అక్కడ గొడవే లేదు, టవర్‌ని లెక్కలోకి తీసుకున్నా తీసుకోకపోయినా కొండే గెలుస్తుంది.

పేచీ ఎక్కడ వస్తుందంటే, కొండలు పొట్టిగా, బిల్డింగులు పొడుగ్గా ఉన్న దేశాల్లో. ఖతర్‌నే తీసుకోండి. ఆ దేశంలో అత్యంత ఎత్తైన స్థలం దక్షిణాన ఎడారిలో ఉండే కురైన్ అబూ అల్ బౌల్, 103 మీటర్లు. దోహాలో 2006 ఆసియా క్రీడల కోసం కట్టిన ఆస్పైర్ టవర్ ఒక్కటే 300 మీటర్లు. బహ్రెయిన్‌లో జబల్ అల్ దుఖాన్ 134 మీటర్లు, మనామా సముద్రపొడ్డున ఫైనాన్షియల్ హార్బర్ జంట టవర్లు 260. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి నిర్మాణ పనులకు గల్ఫ్ వెళ్లినవాళ్లలో, ఆ దేశపు కొండనెత్తికి మించిన ఎత్తులో పరంజా మీద నిలబడి పని చేసినవాళ్లు ఉంటారు. ఆ కొండ పేరు మాత్రం వాళ్లలో చాలామంది విని ఉండరు, వినాల్సిన పనీ పడి ఉండదు. సింగపూర్‌లో బుకిట్ తిమా గుట్ట 163.63 మీటర్లు (గుట్ట మీద బండకు ఈ అంకె రాసిన పలక కూడా ఉంటుంది), నగరం మధ్యలో 280 మీటర్ల టవర్లు మూడున్నాయి. వాటికన్‌లో తోటల వైపు నేల 78 మీటర్ల దాకా వెళ్తే సెయింట్ పీటర్స్ చర్చి గుమ్మటం శిలువ కొన దాకా నేల మీంచే 136 మీటర్లు.

మొనాకో కథ ఇంకా చిత్రం. అక్కడి అత్యున్నత స్థలం అసలు శిఖరమే కాదు, షెమాన్ దె రెవొవార్ అనే దారి, 162 మీటర్ల దగ్గర. కొండ పైభాగమంతా ఫ్రాన్స్‌లోకి పోయింది, మొనాకోకి మిగిలింది వాలు మీద ఒక నడక దారి. దానికి తోడు 2015లో 170 మీటర్ల టూర్ ఒడియోన్ అనే అపార్ట్‌మెంట్ టవర్ పూర్తయింది. అంటే డబ్బున్నవాళ్లు తమ ఇంటి పైఅంతస్తు కిటికీలోంచి దేశపు 'అత్యున్నత స్థలాన్ని' కిందికి చూడొచ్చన్నమాట.

అయినా ఏ జాబితా తీసినా ఈ టవర్లలో ఒక్కటి కూడా దేశపు అత్యున్నత స్థలంగా కనబడదు. ఎందుకు అంటే మామూలుగా వచ్చే జవాబు, అది భూమికి సంబంధించిన లెక్క, కట్టడాలకు వేరే జాబితాలున్నాయి అని. తలపాగా చుట్టుకున్నంత మాత్రాన మనిషి పొడుగు పెరగదు కదా అన్నట్టు. నిజమే, కానీ ఇది సగం జవాబే, మిగతా సగం ఏంటో కొంచెం సేపట్లో తెలుస్తుంది.

ముందు ఈ సగం వెనకున్న కారణాలు చూద్దాం, అవి గట్టివే. మొదటిది, కట్టడం నిలకడగా ఉండదు. నెదర్లాండ్స్ ప్రధాన భూభాగంలో అత్యున్నత స్థలం వాల్సర్‌బెర్గ్, 322 మీటర్లు. దాదాపు సముద్రమట్టంలోనే ఉన్న ఐసెల్‌స్టెయిన్ ఊళ్లో గెర్‌బ్రాండీ టవర్ అని టీవీ, రేడియో ప్రసారాల టవర్ ఒకటుంది, దాని కొన వాల్సర్‌బెర్గ్ కంటే పైనే ఉంటుంది. ఆ టవర్ ఒకప్పుడు 382 మీటర్లు, 2007లో పైన యాంటెన్నా మార్చేసరికి 367కి దిగింది. టవర్లను లెక్కేసి ఉంటే, యాంటెన్నా మార్చిన రోజున ఒక దేశం ఎత్తు 15 మీటర్లు తగ్గిపోయిందని పాఠ్యపుస్తకాలు దిద్దాల్సి వచ్చేది. పోలండ్‌లో కాన్‌స్టాంటినూఫ్ దగ్గర రేడియో స్తంభం 646 మీటర్లు ఉండేది, అప్పట్లో ప్రపంచంలో మనిషి నిలబెట్టిన వాటన్నిటిలోకీ పొడుగైనది. 1991 ఆగస్టు 8న, దాన్ని పట్టి ఉంచే తీగల పని జరుగుతుండగా కూలింది. పోలండ్‌కి దక్షిణాన ఎత్తైన పర్వతాలున్నాయి కాబట్టి సరిపోయింది. చదునైన దేశంలో అలాంటిది జరిగితే మధ్యాహ్నానికల్లా దేశపటం మారిపోయేది.

రెండోది, కొలిచేవాళ్ల అలవాటు. సర్వే మ్యాపుల్లో ఎత్తు రేఖలు గీసేది నేలకు, ఇళ్లకు కాదు. ఇప్పుడు విమానం మీంచి, ఉపగ్రహం మీంచి కొలిచేటప్పుడు కూడా రెండు రకాల లెక్కలు తీస్తారు: చెట్లు, ఇళ్లు అన్నీ కలిపి పైకి కనబడే ఉపరితలం ఒకటి, వాటిని తీసేశాక మిగిలే ఉత్త నేల రెండోది. వరద ఎటు పోతుందో, కాలువ ఎటు తవ్వాలో తేల్చడానికి పనికొచ్చేది రెండోదే, ఎందుకంటే నీళ్లకు డాబా ఎత్తుతో పనిలేదు.

మన దగ్గర కొలతల చరిత్రలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. 1802లో మద్రాసు దగ్గర మొదలుపెట్టి బ్రిటిష్ సర్వేయర్ విలియం లాంబ్టన్ దక్షిణాదినంతా త్రిభుజాలుగా కొలుచుకుంటూ పోయాడు. కొండలున్న చోట కొండెక్కి చూసేవాడు, కావేరి డెల్టాలో కొండలెక్కడివి, అందుకని గుడి గోపురాలెక్కించాడు తన యంత్రాన్ని. 1808లో తంజావూరు గుడి మీదికి ఆ అరటన్ను థియోడలైట్‌ని (కోణాలు కొలిచే యంత్రం) లాగుతుంటే తాడు తెగి గోడకు కొట్టుకుని యంత్రం సొట్టబోయింది, మళ్లీ దాన్ని సరిచేసుకునేసరికి వారాలు పట్టింది. అంత కష్టపడి గోపురమెక్కించినా, గోపురం ఎత్తును ఎవరూ తంజావూరు నేల ఎత్తు అనలేదు. గోపురం కొలిచేవాడికి నిచ్చెన అయింది, నేల కాలేదు. ఎత్తు లెక్కకు సున్నా ఎక్కణ్ణుంచి మొదలన్నదీ అలాగే: భారతదేశపు ఎత్తులకు ఆధారమైన సగటు సముద్రమట్టాన్ని 1909లో ఖాయం చేయడానికి తీసుకున్న తొమ్మిది రేవుల్లో విశాఖపట్నం ఒకటి, అక్కడ ఏళ్ల తరబడి రాసిన ఆటుపోట్ల లెక్క దీనికి పనికొచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో అర్మ కొండ 1,680 మీటర్లు అన్నా, తెలంగాణలో డోలిగుట్ట 965 అన్నా అర్థం అంత మేర సముద్రమట్టం మీద అనే. ఈ రెండిటి దగ్గరా కట్టడాల తగాదా ఏమీ లేదు, అంత ఎత్తుకు పోటీ వచ్చే కట్టడం మన రెండు రాష్ట్రాల్లో ఎక్కడుంది కనుక.

ఇంతవరకు బాగానే ఉంది. బిల్డింగ్ వద్దు, టవర్ వద్దు, స్తంభం వద్దు. మరి మట్టి?

డెన్మార్క్ దగ్గరికి వస్తే ఈ ప్రశ్న నవ్వులాట నుంచి సీరియస్ వ్యవహారమైపోతుంది. గ్రీన్‌లాండ్‌ని పక్కన పెడితే (అక్కడ 3,690 మీటర్లు దాటిన శిఖరముంది, దాన్ని కలుపుకుంటే ఈ కథే ఉండదు) డెన్మార్క్ అంతా పచ్చటి మెరక, కొండ అనదగ్గది ఏదీ లేదు. 19వ శతాబ్దం మధ్య దాకా హిమ్మెల్‌బ్యెర్గెట్ అనే గుట్టే దేశంలోకెల్లా ఎత్తైనదనుకున్నారు. అది 147 మీటర్లు. 1847లో కొలిస్తే ఐయర్ బౌనెహొయ్ దాన్ని మించిందని తేలింది, తరవాత అక్కడికి దగ్గర్లోనే ఉన్న యుడింగ్ స్కౌహొయ్ తనదే పైచేయి అంది. చివరికి 2005లో చేసిన కొత్త కొలతల్లో అప్పటిదాకా ఎవరూ పెద్దగా పట్టించుకోని మూడో చోటు, మొల్లెహొయ్, గెలిచింది.

అంకెలు చూడండి. మొల్లెహొయ్ 170.86 మీటర్లు. యుడింగ్ 170.77. ఐయర్ 170.35. మొదటికీ రెండోదానికీ తేడా 9 సెంటీమీటర్లు, అరచేయి వెడల్పు. ఇందులో తిరకాసు ఏంటంటే, యుడింగ్ మీద నిలబడి కొలిస్తే నిజానికి 172 మీటర్లు దాటుతుంది, అంటే పోటీలో ఉన్న మూడిట్లోకీ అదే పైన. కానీ ఆ పైనున్న మీటరున్నరకు పైగా మట్టి మనుషులు పోసింది. కంచు యుగంలో, సుమారు మూడు వేల ఏళ్ల కిందట, చనిపోయినవాళ్లను పెట్టి పైన కట్టిన సమాధి దిబ్బ. అది మనిషి చేసింది కాబట్టి లెక్కలోంచి తీసేశారు, తీసేసరికి యుడింగ్ రెండో స్థానానికి పడిపోయింది.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఆ దిబ్బ మీద ఇప్పుడు అడవి పెరిగింది. చెట్ల వేళ్లు దాన్నీ కింది నేలనీ కలిపి కుట్టేశాయి. పలుగు పట్టుకుని తవ్వేవాడికి ఎక్కడ దిబ్బ అయిపోయి ఎక్కడ కొండ మొదలవుతుందో చూసి చెప్పాలంటే పురావస్తు నిపుణుడు కావాలి. మరి గెలిచిన మొల్లెహొయ్ ఏమన్నా మనిషి చెయ్యి పడని చోటా? కాదు. 1838 నుంచి 1917 దాకా దాని మీద పిండిమిల్లు తిరిగింది, గాలిమర. ఇప్పటికీ గుర్తుగా అక్కడ ఒక తిరగలి రాయి పడుకోబెట్టి ఉంటుంది. చుట్టూ పొలాలు, వందల ఏళ్లుగా సేద్యమైన ప్రాంతం. నాగలి ఒక్కసారి దున్నితే జానెడు లోతు మట్టి కదులుతుంది. మిల్లు కట్టినప్పుడు పునాదికి ఎంత తవ్వారో, తీసేసినప్పుడు ఎంత పూడ్చారో ఎవరైనా లెక్క రాసి పెట్టారా? ఒకచోట మీటరున్నర దిబ్బను మనిషిదని తీసేసి, ఇంకోచోట మనిషి కదిపిన నేలను ప్రకృతిదని ఉంచుకుని, ఆ రెండిటి మధ్యా 9 సెంటీమీటర్ల తేడాతో తీర్పిచ్చారన్నమాట. కొలత తప్పని కాదు, కొలత సెంటీమీటర్ల దాకా నిక్కచ్చిగానే ఉంది. దేన్ని కొలుస్తున్నామన్నదే అంత నిక్కచ్చిగా లేదు.

సరదాకి కట్టడాలనూ కలిపి చూస్తే మళ్లీ వరస తారుమారు. దక్షిణ యూట్లాండ్ తిరిగి డెన్మార్క్‌లో కలిసినందుకు గుర్తుగా ఐయర్ బౌనెహొయ్ మీద 1924లో 13 మీటర్ల గోపురం కట్టారు, దాంతో అది 183 దాటి అందరినీ ఓడిస్తుంది. హిమ్మెల్‌బ్యెర్గెట్ మీద 25 మీటర్ల గోపురం ఉంది, 147కి 25 కలిపితే 172, ఎప్పుడో ఓడిపోయిన గుట్ట కూడా మొల్లెహొయ్‌ని దాటేస్తుంది.

జర్మనీలో ఇదే మట్టి ప్రశ్నకు తలకిందులుగా జవాబిచ్చారు. బెర్లిన్ నగరమే ఒక రాష్ట్రం, అక్కడ ప్రకృతి సిద్ధమైన గుట్టల్లో పెద్దది గ్రోసర్ మ్యూగెల్‌బెర్గ్, 115 మీటర్లు. రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక కూలిన ఇళ్ల ఇటుకలు, కాంక్రీటు ముక్కలు ఎక్కడ పారబోయాలో తెలియక నగరమంతా కుప్పలు పోశారు. వాటిలో పెద్దది టాయ్‌ఫెల్స్‌బెర్గ్, 120 మీటర్లు. దాని కింద నాజీల కాలంలో మొదలుపెట్టిన సైనిక సాంకేతిక కళాశాల భవనం ఉంది, కూల్చడం కష్టమై మట్టితో కప్పెయ్యడమే తేలికనుకున్నారు. తరవాత ఆ గుట్ట నెత్తిన అమెరికన్లు రష్యావాళ్ల మాటలు వినడానికి నిఘా కేంద్రం కట్టుకున్నారు. ఇప్పుడు నగరానికి ఉత్తరాన ఆర్కెన్‌బెర్గె అనే చోట నిర్మాణ వ్యర్థాల కుప్ప దాన్ని కూడా కాస్త దాటింది, బెర్లిన్‌లో అత్యున్నత స్థలం ఇదేనని చాలా జాబితాలు రాస్తాయి. పక్కన చిన్నక్షరాల్లో 'ప్రకృతి సిద్ధమైనది మ్యూగెల్‌బెర్గ్' అని ఉంటుంది. బ్రెమెన్ రాష్ట్రంలో మళ్లీ వేరు. అక్కడ ఒక పార్కులో ఉన్న 32.5 మీటర్ల మెరకనే అధికారికంగా చెప్పుకుంటారు, నగరపు చెత్తగుట్ట దానికంటే ఎత్తున్నా సరే. యుద్ధపు ఇటుకలకు దొరికిన గౌరవం బ్రెమెన్‌లో చెత్తకు దొరకలేదు. అర్థం చేసుకోదగ్గదే, మా రాష్ట్రంలో అత్యున్నత స్థలం డంపింగ్ యార్డు అని ఏ టూరిజం శాఖ బోర్డు పెట్టుకుంటుంది?

కాబట్టి 'మనిషి చేసింది లెక్కకు రాదు' అన్నది అందరూ ఒక్కలా పాటించే నియమమేమీ కాదు. మరి ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎందుకు ఇంత గట్టిగా పాతుకుపోయింది? దీనికి జవాబు బెల్జియంలో దొరుకుతుంది.

బెల్జియంలో అత్యున్నత స్థలం సిగ్నల్ ద బొట్రాంజ్, 694 మీటర్లు. మొదటి ప్రపంచయుద్ధం తరవాత జర్మనీ నుంచి వచ్చిన ప్రాంతంలో ఉంది అది. చేతికొచ్చిన కొద్ది కాలానికే, 1923లో, దాని మీద ఆరు మీటర్ల మట్టిదిబ్బ పోసి మెట్లు కట్టారు, ఆ ప్రాంతాన్ని అప్పుడు పాలిస్తున్న జనరల్ బాల్టియా పేరు పెట్టారు. ఎందుకు ఆరే? 694కి ఆరు కలిపితే 700. అంతే, ఇంకో కారణం లేదు. ఇంగ్లండ్‌లో ఇంతకంటే ముందే ఒకాయన ఈ పని చేశాడు. లీత్ హిల్ వెయ్యి అడుగులకు కొంచెం తక్కువైందని 1765లో రిచర్డ్ హల్ దాని మీద ఒక గోపురం కట్టించి వెయ్యి దాటించాడు, చనిపోయాక దాని కిందే పాతిపెట్టించుకున్నాడు. లాత్వియా కథ కూడా ఇలాంటిదే. పక్కనున్న ఎస్టోనియాలో సూర్ మునమాగి 318 మీటర్లు, దాని మీద 1939 నాటి గోపురం కూడా ఉంది. లాత్వియా గుట్ట గైజిన్‌కాల్న్స్ 312 దగ్గర ఆగిపోయింది. సోవియట్ కాలంలో దాని మీద ఒక పెద్ద గోపురం మొదలుపెట్టారు, ఎస్టోనియాని దాటడానికే అని చెబుతారు, అది ఎప్పటికీ పూర్తి కాలేదు, 2012 డిసెంబరులో పడగొట్టేశారు.

ఇక్కడ తెలుస్తుంది అసలు సంగతి. ఎత్తు అనేది గొప్ప చెప్పుకునే విషయం, గొప్పలున్న చోట చేతివాటం ఉంటుంది. మట్టిని లెక్కలోకి రానిస్తే ఆరు మీటర్లు తక్కువైన ప్రతివాడూ లారీలు పెట్టించి మట్టి తోలిస్తాడు, మరుసటేడు పక్క దేశం ఇంకో మీటరు పోస్తుంది. ఒక ప్రభుత్వానికి ఇది చిల్లర ఖర్చు. కాబట్టి 'ప్రకృతి సిద్ధమైన నేల మాత్రమే' అన్న షరతుకు సైన్సు అని పేరు పెట్టినా నిజానికి అది తొండికి కట్టిన కంచె. ఆ పనికి బాగానే పనికొస్తుంది.

నమ్మకం కుదరకపోతే ఇదే నియమాన్ని తిరగేసి చూడండి. మనిషి కలిపింది తీసేస్తున్నాం సరే, మనిషి తీసేసింది తిరిగి కలుపుతున్నామా? జర్మనీలో అత్యున్నత శిఖరం జుగ్‌స్పిట్జ, 2,962 మీటర్లు. ఇది మొదట మూడు శిఖరాలు. తూర్పుది ఇప్పుడున్నది. నడిమిది 1930లో కేబుల్ కార్ స్టేషన్ కిందికి పోయింది. పడమటిదాన్ని 1938లో పేల్చి చదును చేశారు, సైన్యానికి విమానాలను నడిపించే కేంద్రం కడదామని, ఆ కేంద్రం ఎన్నడూ కట్టనే లేదు. పేల్చిన ఆ పడమటి శిఖరం ఎత్తు 2,964 మీటర్లు. అంటే ఇప్పటి 'అత్యున్నత శిఖరం' కంటే రెండు మీటర్లు ఎక్కువ. 'ప్రకృతి సిద్ధమైన' ఎత్తు అంటే మరి 2,964 రాయాలి కదా? ఎవరూ రాయరు. తూర్పు శిఖరం మీద బంగారు పూత పూసిన శిలువ నిలబెట్టారు, దాదాపు ఐదు మీటర్లుంటుంది, దాన్ని మాత్రం మనిషి పెట్టిందని జాగ్రత్తగా మినహాయిస్తారు. పెట్టినదాన్ని తీసేసి, తీసేసినదాన్ని మర్చిపోవడం. ఇందులో ఉన్న తర్కం ఒక్కటే: కొండను నరికి ఎవడూ రికార్డు కొట్టడు కాబట్టి నరికినదాని కోసం నియమం అవసరం పడలేదు. కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ కోసం కోసేసిన గుట్టల్ని చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. పోయిన గుట్ట ఎత్తు ఏ మ్యాపులోనూ బాకీగా చూపించరు.

మంచు విషయంలో ఈ మొహమాటం కూడా లేదు, ప్రకృతిదైతే చాలు, కరిగిపోయేదైనా లెక్కే. స్వీడన్‌లో కెబ్నెకైసె పర్వతానికి దక్షిణ శిఖరం హిమానీనదం, ఉత్తర శిఖరం రాయి. దక్షిణపుదే దేశంలో ఎత్తని ఏళ్లుగా చెప్పుకున్నారు, కరిగి కరిగి 2019లో ఉత్తరపుదాని కంటే కిందికి దిగింది. ఎవరెస్ట్‌కి చైనా 2005లో కింది రాయి వరకే కొలిచి 8,844.43 అంది, నేపాల్ మంచుతో కలిపి 8,848 అనేది, చివరకు 2020లో ఇద్దరూ కలిసి మంచుతో సహా 8,848.86 అని ప్రకటించారు. ఎండకు కరిగే మంచు లెక్కకు వస్తుంది, మూడు వేల ఏళ్లుగా కదలని మట్టిదిబ్బ రాదు. నిలకడ గురించి మొదట్లో చెప్పుకున్న వాదన ఇక్కడికి వచ్చేసరికి చేతులెత్తేస్తుంది.

అందుకే డెన్మార్క్ తీర్పు సరికాదనిపిస్తుంది. ఆ దిబ్బ పోసినవాళ్లకు డెన్మార్క్ అనే దేశమే తెలియదు, సముద్రమట్టం తెలియదు, పక్క ఊరి గుట్ట కంటే తొమ్మిది సెంటీమీటర్లు ఎక్కువో తక్కువో వాళ్లకు పట్టలేదు. తమ పెద్దల్ని మట్టిలో పెట్టుకున్నారు, అంతే. తొండి చేయనివాళ్ల మీద తొండి కంచె వేసి లాభమేంటి? దిబ్బ కింద బోలు లేకుండా, పైన కప్పు లేకుండా, గడ్డీ చెట్టూ పెరిగి, నడిచేవాడి కాలికి నేలలాగే తగులుతుంటే అది నేలే. యుడింగ్‌కే ఆ పేరు ఇచ్చి, పక్కన 'దిబ్బ తీసేస్తే ఇంత' అని రాసుకోవచ్చు. బెర్లిన్‌వాళ్లు చేస్తున్నది అదే. ఈ లెక్కన బొట్రాంజ్ మీద బాల్టియా దిబ్బ కూడా లోపలికి వచ్చేస్తుంది కదా అంటే, రానివ్వండి, దిబ్బ ఉన్నా లేకపోయినా బెల్జియంలో అదే ఎత్తైన చోటు, మారేది అంకె ఒక్కటే. గెలుపోటములు తారుమారు చెయ్యడానికే ఈ మధ్య పోసిన మట్టి అయితే అప్పుడు కంచె వేయాలి. పోసింది ఎప్పుడు, ఎందుకు అన్నవే అసలు ప్రశ్నలు, 'ప్రకృతా మనిషా' అన్నది వాటికి వేసిన ముసుగు. ఎందుకు పోశారో తేల్చడం కష్టం కాబట్టి జాబితాలు రాసేవాళ్లు సులువైన దారి పట్టారు, అందులో వాళ్లను మరీ తప్పు పట్టలేం.

శిఖరాల విషయంలో ఇదంతా కాలక్షేపమే అనుకోవచ్చు, కానీ ఇదే కంచెను సముద్రంలో వేసినప్పుడు లక్షల కోట్ల వ్యవహారమవుతుంది. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం 1982లో వచ్చింది, దాని 121వ అధికరణం దీవి అంటే ఏంటో చెప్పేటప్పుడు 'ప్రకృతి సిద్ధంగా ఏర్పడిన' భూమి అయి ఉండాలని, పోటు సమయంలోనూ నీటిపైన ఉండాలని షరతు పెట్టింది. 60వ అధికరణం మనిషి కట్టిన దీవులకు సొంత ప్రాదేశిక జలాలు ఉండవని చెప్పింది. ఎందుకంటే దీవికి చుట్టూ చేపలు, చమురు, గ్యాస్ మీద హక్కు వస్తుంది. ఇసుక తోడి దిబ్బ వేసిన ప్రతివాడికీ ఆ హక్కిస్తే సముద్రం ఎన్నాళ్లు మిగులుతుంది? దక్షిణ చైనా సముద్రంలో పగడపు దిబ్బల మీద చైనా ఇసుక పోసి, రన్‌వేలు వేసింది. ఈ సముద్రం మీద హక్కుల గురించి ఫిలిప్పీన్స్ అంతకుముందే, 2013లో, కేసు వేసి ఉంది. 2016 జూలై 12న వచ్చిన తీర్పులో మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్, పైన పోసిన ఇసుకా కాంక్రీటూ చూడకుండా ఆ దిబ్బలు సహజంగా ఎలా ఉండేవో పాత మ్యాపులు, నౌకల రికార్డులు తిరగేసి తేల్చింది. ఇప్పుడు విమానాలు దిగుతున్న మిస్చిఫ్ రీఫ్ పోటు వస్తే మునిగిపోయే దిబ్బ మాత్రమే అంది. చైనా ఆ తీర్పును ఒప్పుకోలేదు. యుడింగ్ దిబ్బకు వేసిన లెక్కే ఇదీ, పందెం మాత్రం వేరు. ఇక్కడైతే ఆ లెక్క న్యాయమనే చెప్పాలి, ఎందుకంటే ఎప్పుడు పోశారో ఎందుకు పోశారో ఎవరికీ అనుమానం లేదు.

చిక్కల్లా మాల్దీవులతో. ఆ దేశపు అత్యున్నత స్థలం చాలా జాబితాల్లో 2.4 మీటర్లు. కొన్నిట్లో 5.1, అడ్డూ అటోల్ (పగడపు దీవుల వలయం) లోని విల్లింగిలి దీవిలో, ఒక రిసార్ట్ గోల్ఫ్ మైదానంలో. గోల్ఫ్ మైదానమంటేనే చదును చేసి, మెరకలు తీర్చి దిద్దిన నేల, అందులో ఏది ప్రకృతి మెరకో ఏది డిజైనర్ మెరకో అడిగితే డెన్మార్క్ సర్వే వాళ్లు కూడా తల గోక్కుంటారు. రాజధాని మాలేకి పక్కనే హుల్హుమాలే ఉంది, 1997 నుంచి సముద్రం అడుగు ఇసుక తోడి పోసిన దీవి. మామూలు దీవుల కంటే ఎత్తు పెంచి, సుమారు రెండు మీటర్లు ఉండేలా కట్టారు, సముద్రం పెరుగుతుందని తెలిసే. వేల కుటుంబాలు అపార్ట్‌మెంట్లలో ఉంటున్నాయి, బళ్లున్నాయి, మసీదులున్నాయి. ఇక్కడ తొండి లేదు, రికార్డు కోసం పోసిన ఇసుకా కాదు, మునగకుండా ఉండటానికి పోసింది. ముందుముందు ఆ దేశంలో నీటిపైన నిలిచే ఎత్తు నేలంతా ఇలా పోసిందే అయ్యే అవకాశం ఉంది. అప్పుడు జాబితా రాసేవాళ్లు ఆ పోసిన నేలను పక్కన పెట్టి, పోటొస్తే తడిసే పాత పగడపు ఒడ్డును చూపించి దేశపు అత్యున్నత స్థలం ఇదీ అనాలి. అలా రాసే జాబితా అక్కడ ఉండేవాళ్లకు ఎందుకూ పనికిరాదు.